చేతిలో పని ఉంది, కాగితం లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ చెబుతున్నాయి. "పని వచ్చు సార్, సర్టిఫికెట్ లేదు." ఆ బాధ నాకు కొత్త కాదు. 1981లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరేనాటికి నేను బోధన్‌లో మా మేనమామ షాపులో ఆరేళ్లు మోటారు వైండింగ్ చేసి ఉన్నాను. ఎండాకాలం వస్తే చాలు, లో వోల్టేజీకి చెరుకు రైతుల 5 హెచ్‌పీ మోటార్లు వరసపెట్టి కాలిపోయేవి. కాలిన తీగ పీకేసి, స్లాట్లు గీకి, లెదరాయిడ్ కాగితం మడిచి దూర్చి, 36 స్లాట్లలో కాయిళ్లు దింపి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాణ్ణి. అలాంటివాణ్ణి ఐటీఐలో బ్రిటానియా జాయింటు, మ్యారీడ్ జాయింటు అంటూ తీగకు తీగ కలపడం దగ్గర నుంచి మొదలుపెట్టమన్నారు. "నాకు వచ్చు సార్" అంటే, "వస్తే మంచిదే, అందరితో పాటు నువ్వూ చెయ్యి" అన్నారు మా మాస్టారు. ఆయన తప్పేమీ లేదు. వచ్చినవాడికి వచ్చిందని రాసుకునే గడి ఆ రిజిస్టర్లో లేదు.

తర్వాత 31 ఏళ్లు నేనే ఐటీఐలో పాఠం చెప్పాను. ఆ గడి లేకుండానే చాలామందిని చూశాను. ఇప్పుడు ఉంది. ఇరుకుగా ఉంది, చాలామందికి కనబడటం లేదు, కానీ ఉంది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. వయసు 34. దుబాయ్‌లో 9 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చిన. పెద్ద బిల్డింగుల్లో కండ్యూట్ వేయడం, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) డ్రెస్సింగు, కేబుల్ టర్మినేషన్ అన్నీ వస్తయి. చదువు 9వ తరగతి. ఇక్కడ ఏ కంపెనీకి పోయినా ఐటీఐ ఉందా అంటున్నరు. ఈ వయసులో రెండేళ్లు ఐటీఐలో కూర్చోలేను, ఇద్దరు పిల్లలున్నరు. నాకు వచ్చిన పనికి ఎక్కడన్నా లెక్క ఉందా?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ఉంది తమ్ముడూ. రెండు దారులున్నాయి. రెండూ వేర్వేరు కాగితాలు ఇస్తాయి. కాబట్టి ముందు ఆ తేడా తెలుసుకో.

మొదటిది ఆర్‌పీఎల్. ఇంతకుముందే నేర్చుకున్నదాన్ని గుర్తించడం అని దాని అర్థం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. నీకు వచ్చిన పనిని మళ్లీ మొదటి నుంచి నేర్పరు. కొద్ది గంటల ఓరియెంటేషన్ ఉంటుంది. అందులో సేఫ్టీ, పరీక్ష ఎలా జరుగుతుంది, నీ పనిలో ఎక్కడైనా లోటుంటే అది, ఇవి చెబుతారు. తర్వాత బయటి నుంచి అసెసర్ వస్తాడు. నేర్పినవాడూ మార్కులు వేసేవాడూ ఒకరే కాకూడదని ఆ ఏర్పాటు. థియరీ, ప్రాక్టికల్, వైవా (నోటితో అడిగే పరీక్ష) ఉంటాయి. పాసైతే అసిస్టెంట్ ఎలక్ట్రీషియన్ లాంటి పని పేరుతో, లెవెల్ నంబరుతో సర్టిఫికెట్ వస్తుంది. ఈ పథకంలో దీనికి నువ్వు ఫీజు కట్టనక్కర్లేదు.

రెండోది అసలు ఐటీఐ వాళ్లు రాసే ఆల్ ఇండియా ట్రేడ్ టెస్టునే ప్రైవేటు అభ్యర్థిగా రాయడం. ఆ పనిలో 3 ఏళ్ల అనుభవం చూపించగలిగినవాళ్లకు ఈ అవకాశం ఉంది. పాసైతే వచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అంటే కంపెనీ వాళ్లు "ఐటీఐ ఉందా" అని అడిగేటప్పుడు వాళ్ల మనసులో ఉన్న కాగితమే. కాకపోతే ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదువు. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు 10వ తరగతి పాసై ఉండాలి. నువ్వు 9 దగ్గర ఆగావు. కానీ వైర్‌మ్యాన్ ట్రేడుకు 8వ తరగతి చాలు. నువ్వు రాసిన పనులు, కండ్యూట్, డీబీ, టర్మినేషన్, చాలావరకు వైర్‌మ్యాన్ సిలబస్‌లోవే. కాబట్టి నేనైతే నిన్ను వైర్‌మ్యాన్‌కు రాయమంటాను. పదో తరగతి ఓపెన్ స్కూల్లో నెమ్మదిగా కట్టుకోవచ్చు, దానికోసం దీన్ని ఆపొద్దు.

అనుభవం కాగితాల సంగతి ఇప్పుడే చూసుకో. దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది వీసా క్యాన్సిలేషన్ అయిపోగానే ఆ కాగితాలన్నీ సూట్‌కేసు అడుగున పడేసి మర్చిపోతారు. లేబర్ కాంట్రాక్టు, ఎమిరేట్స్ ఐడీ కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటరు, సైట్లో ఇచ్చిన సేఫ్టీ ట్రైనింగు కార్డులు, అన్నీ ఒక ఫైల్లో పెట్టు. లెటరు తీసుకోకపోతే అక్కడే ఉన్న నీ దోస్తుల ద్వారా కంపెనీని అడిగించు. ఏడాది గడిచిందంటే ఎవరూ పలకరు. ఆ ఫైలు పట్టుకుని జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపల్‌ను కలువు. గల్ఫ్ కంపెనీ లెటరును అనుభవం కింద ఒప్పుకుంటారా అని పరీక్ష నోటిఫికేషన్ రాకముందే సూటిగా అడుగు. ఒప్పుకోమంటే, ఇక్కడ రిజిస్టరైన కాంట్రాక్టరు దగ్గర పని చేస్తూ ఆ అనుభవం ఇప్పటి నుంచే లెక్కలోకి తెచ్చుకో.

ఇప్పుడు పరీక్ష గురించి. నీలాంటివాళ్లు ప్రాక్టికల్లో కాదు, వైవాలో ఆగిపోతారు. రిటైరయ్యాక ఒక ఆర్‌పీఎల్ క్యాంపులో అభ్యర్థులను పరీక్షకు తయారుచేయడానికి వెళ్లాను. యాభై దాటిన ఒకాయన మెట్ల లైటుకు టూవే వైరింగు పది నిమిషాల్లో వేసేశాడు. తీగ చెక్కిన తీరు చూస్తేనే తెలుస్తుంది, రాగి మీద ఒక్క గాటు లేదు. నేను పుస్తకంలో ఉన్నట్టే అడిగాను, "స్విచ్చిని న్యూట్రల్‌లో ఎందుకు పెట్టకూడదు?" ఆయన తల దించుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నాకే సిగ్గేసింది. మళ్లీ అడిగాను, "అన్నా, ఇంట్లో పిల్లాడు స్విచ్చి ఆపేసే బల్బు మారుస్తున్నాడు. అయినా షాక్ కొట్టింది. ఎందుకు కొడుతుంది?" వెంటనే అన్నాడు, "ఎవడో ఎదవ స్విచ్చి న్యూట్రల్‌కి ఇచ్చుంటాడు సార్, ఫేజు హోల్డర్లోనే నిలబడి ఉంటుంది." అదే జవాబు. ఆయనకు మొదటినుంచీ తెలుసు. అడిగిన భాషే ఆయనది కాదు.

అందుకని పరీక్షకు ముందు నువ్వు చేయాల్సిన పని ఒకటి చెబుతాను. ఒక నోటు పుస్తకం కొను. రోజూ చేసే ఒక పని రాసి, దాని పక్కన "ఎందుకు" అని రాసి ఒక్క లైను జవాబు రాయి. ఎర్త్ తీగ ఎందుకు లావుండాలి? బాత్రూం గీజరుకు ఆర్‌సీసీబీ అనే సేఫ్టీ స్విచ్చి ఎందుకు? కేబుల్ లగ్గు సరిగ్గా నొక్కకపోతే ఏమవుతుంది? జవాబులు నీ దగ్గరే ఉన్నాయి. నోటితో చెప్పడం అలవాటు కావాలి, అంతే. మీ ఆవిడను అడగమని చెప్పు, రాత్రి అన్నం తిన్నాక రోజుకు ఐదు.

మళ్లీ గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో మాట. సౌదీ ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు వీసాకు ముందే ఇక్కడే స్కిల్ పరీక్ష పెడుతోంది. నోటు పుస్తకం దానికీ పనికొస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, నేను మంగళగిరిలో బ్లౌజులు కుడతాను. 16 సంవత్సరాలైంది. ప్రిన్సెస్ కట్, కటోరి, మగ్గం వర్క్ కూడా చేస్తాను. పదో తరగతి లెక్కల్లో పోయింది, తర్వాత పెళ్లి చేసేశారు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. "అమ్మా, నువ్వూ రాయి" అంటోంది. నా కుట్టుపనికి పదో తరగతిలో ఏమైనా మార్కులు కలుస్తాయా? లెక్కలంటే ఇప్పటికీ టెన్షనే.
— ఒక సోదరి, మంగళగిరి

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మాయికి నా ఆశీస్సులు.

కుట్టుపని అనుభవానికి పదో తరగతిలో నేరుగా మార్కులు కలవవు. అబద్ధం చెప్పి ఆశపెట్టలేను. కానీ లెక్కలు లేకుండా పది పాసయ్యే దారి ఉంది. జాతీయ ఓపెన్ స్కూలు, ఎన్‌ఐఓఎస్, తెలుగు మాధ్యమంలో పదో తరగతి పెడుతుంది. ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్. సబ్జెక్టులు మీరే ఎంచుకోవచ్చు, లెక్కలు తీసుకుని తీరాలని లేదు. హోమ్ సైన్స్ చూడండి, బట్టల గురించిన పాఠాలు మీకు సగం తెలిసినవే ఉంటాయి. ఇటీవల పది తప్పినవాళ్లకు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు అక్కడికి మార్చుకునే వీలుంది. మీది పాత పరీక్ష కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి, ఐదూ కొత్తగా రాయండి. పై వయసు పరిమితి లేదు. రాష్ట్ర ఓపెన్ స్కూలు కూడా ఉంది, మీ దగ్గర్లోని స్టడీ సెంటరు దేనికి ఉందో చూసి తేల్చుకోండి.

ఇక లెక్కలంటే టెన్షన్ అన్నారు చూడండి, దాని మీద ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఛాతీ 36 అని టేపు పెట్టి, నాలుగో వంతు తీసి, కుట్టుకు కలిపి, డార్టుకు వదిలి, చంక దగ్గర ముడత పడకుండా ఆర్మ్‌హోల్ గుండ్రం గీస్తారు. మీటరు గుడ్డలో ఎన్ని వస్తాయో చూపుతోనే చెబుతారు. భిన్నాలు, చుట్టుకొలత, విస్తీర్ణం అన్నీ అందులో ఉన్నాయి. బడిలో మీకు ఎవరూ ఆ సుద్దముక్కతో లెక్క చెప్పలేదు, అంతే.

కుట్టుపనికి నేరుగా గుర్తింపు కావాలంటే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విశ్వకర్మ చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 రకాల చేతిపనుల్లో దర్జీ పని కూడా ఉంది. మీ సేవా కేంద్రాల్లో కాకుండా కామన్ సర్వీస్ సెంటర్లో, అంటే సీఎస్‌సీలో, ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, ఫోను పట్టుకెళ్లి, దర్జీ పనికి ఇంకా తీసుకుంటున్నారో లేదో అడిగి, నమోదు చేయించుకోవాలి. మీ పని ముందు చూస్తారు, తర్వాత 5 నుంచి 7 రోజుల శిక్షణ ఉంటుంది. రోజుకు 500 రూపాయలు ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయల విలువైన వోచరు. పూచీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా, అది సరిగా కడితే తర్వాత 2 లక్షల దాకా అప్పు. కుటుంబానికి ఒకరికే. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే కుదరదు. గుర్తింపు కార్డు, సర్టిఫికెట్ ఇస్తారు. పవర్ మిషను కొనాలనుకుంటున్నట్టు మీ ఉత్తరం చివర రాశారు కదా, ఆ 15,000 అక్కడ పనికొస్తుంది. అప్పు మాత్రం దసరా, పెళ్లిళ్ల సీజనులో వచ్చే ఆర్డర్లు చూసుకుని తీసుకోండి. మూఢం నెలల్లోనూ కిస్తీ ఆగదు.

ప్రశ్న: నేను అనంతపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం. స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 12 వారాల కోర్సు చేసి పరీక్ష రాసి 71 శాతం తెచ్చుకున్నాను. కాలేజీలో ఇస్తే "ఇది మాకు కుదరదు" అన్నారు. వెయ్యి రూపాయల ఫీజు, మూడు నెలల కష్టం వృథాయేనా?
— ఒక విద్యార్థి

జవాబు: నాన్నా, నియమం నీ వైపే ఉంది. వరుస మాత్రం నువ్వు తప్పావు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా చేయడానికి వీలుంది. కానీ ఏ కోర్సు ఏ పేపరుకు బదులవుతుందో యూనివర్సిటీ ముందే ఒప్పుకుని ఉండాలి. చేశాక అడిగితే చాలామంది కుదరదనే అంటారు.

అయినా ఒక ప్రయత్నం చెయ్యి. నువ్వు చేసిన కోర్సు వారాల వారీ సిలబస్ ఒక వైపు, మీ పేపరు సిలబస్ ఇంకో వైపు, ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి మీ డిపార్ట్‌మెంటు హెడ్‌కు రాతపూర్వకంగా ఇవ్వు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. కాగితం ఇస్తే దాన్ని ఎవరో ఒకరు సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టాలి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నీ ఖాతా ఉందా? చదువుకు వచ్చే క్రెడిట్లను, అంటే చదివిన గంటల లెక్కను, దాచుకునే చోటు అది. డిజిలాకర్‌లో చూసుకో. అందులో పడిన క్రెడిట్లు 7 ఏళ్ల దాకా నిలిచి ఉంటాయి. ఈ డిగ్రీలో పనికిరాకపోయినా రేపు పీజీకి ఇంకో యూనివర్సిటీలో చేరితే అడగొచ్చు. వచ్చే సెమిస్టర్‌కు మాత్రం ముందు అనుమతి, తర్వాతే రిజిస్ట్రేషన్.

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వయసు 31. ఇంటర్ బైపీసీ పాస్. ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులు అన్నీ నేనే. పేషెంట్లు నన్ను సిస్టర్ అనే పిలుస్తారు. జీతం మాత్రం ఆయా జీతం. ఆర్‌పీఎల్ రాస్తే నర్సు అవుతానని ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక సోదరి

జవాబు: నిజం కాదమ్మా. ఆర్‌పీఎల్‌లో మీ అనుభవానికి దగ్గరగా వచ్చే సర్టిఫికెట్ జనరల్ డ్యూటీ అసిస్టెంట్‌ది. మంచం పట్టిన రోగిని కదిలించడం, తుడవడం, బీపీ చూడటం, శుభ్రత లాంటి పనులు. పెద్ద ఆసుపత్రుల్లో దానికి విలువ ఉంది. కానీ దానితో నర్సు కాలేరు. నర్సుగా పనిచేయాలంటే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. దానికి ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ లాంటి కోర్సు పూర్తిగా చదవాలి. మీ 11 ఏళ్లకు అందులో ఒక్క నెల కూడా తగ్గించరు.

ఇది విని మీకు బాధ కలుగుతుందని తెలుసు. నాకు ఈ నియమం మీద కోపం లేదు, ఎందుకంటే మందు మోతాదులో తప్పు జరిగితే ఒక ప్రాణం పోతుంది. ఏ మందు ఎందుకు ఇస్తున్నామో చదివి తెలుసుకున్నవాళ్లే ఇవ్వాలి. నా కోపమంతా, మీతో ఆ పనులు చేయించుకుంటూ ఆయా జీతం ఇస్తున్నవాళ్ల మీద. రేపు ఏదైనా జరిగితే వాళ్లు తప్పుకుంటారు, మీరు మిగులుతారు. డాక్టరు పక్కన లేకుండా ఇంజెక్షన్ ఇవ్వనని ఈరోజే చెప్పడం మొదలుపెట్టండి.

మీకు ఇంటర్ ఉంది. జీఎన్‌ఎం మూడేళ్ల కోర్సు, ఇంటర్‌లో 40 శాతం ఉంటే దరఖాస్తు చేయవచ్చు. కానీ 35 ఏళ్ల పరిమితి ఉంది. మీకు 31. అంటే ఆలోచించుకోవడానికి కొద్ది సమయమే ఉంది. ఈ సంవత్సరం నోటిఫికేషన్ వదలకండి. జీతం పోతుంది, మూడేళ్లు కష్టమే, ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. కానీ క్లాసులో మీ పక్కన కూర్చునే 18 ఏళ్ల పిల్లలకు సూది గుచ్చే రక్తనాళం (వేన్) దొరకడానికే ఏడాది పడుతుంది. మీకు మొదటి రోజే దొరుకుతుంది.

ప్రశ్న: రామగుండం నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేశాడు. ఇంజినీరింగ్ చదవాలంటున్నాడు. మళ్లీ ఇంటర్ నుంచి మొదలుపెట్టాలా?
— ఒక తండ్రి

జవాబు: అక్కర్లేదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు పాసై, ప్రవేశ పరీక్ష ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్‌లో కూడా నేరుగా రెండో సంవత్సరమే. నేర్చుకున్నదానికి ఏడాది చొప్పున రెండుసార్లు తగ్గుతుందన్నమాట. ఈ పద్ధతి ఆర్‌పీఎల్ అన్న మాట పుట్టకముందు నుంచీ మన దగ్గర ఏదో ఒక రూపంలో ఉంది. బ్రిడ్జి కోర్సులో లెక్కలు, ఫిజిక్సు గట్టిగా చదివించండి. మా పిల్లలు డిప్లొమాలో తప్పితే ఎప్పుడూ గణితంలోనే తప్పేవాళ్లు, వర్క్‌షాపులో కాదు.

ప్రశ్న: కర్నూలులో ఒకాయన 6,000 ఇస్తే పరీక్ష లేకుండా ఇంట్లో కూర్చుంటేనే ప్లంబింగ్ సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. వాట్సాప్‌లో మాదిరి కూడా పంపాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. పరీక్ష లేకుండా వచ్చే ఏ సర్టిఫికెట్టూ అనుభవానికి గుర్తింపు కాదు. నియమాల్లోనే ఆ మాట ఉంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 30 గంటల నేర్చుకోవడానికి ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. చదువైనా, చేతిపని శిక్షణైనా అదే కొలత. ఏడేళ్లు దాటిన అనుభవానికి రెట్టింపు దాకా వెయిటేజీ కూడా రాశారు. కానీ ఎవరో ఒకరు నిన్ను పరీక్షించి ఉండాలి. అది లేకపోతే ఎన్నేళ్ల అనుభవమైనా సున్నా క్రెడిట్లే. అసలు సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఇప్పుడు ఏ కంపెనీ అయినా దాన్ని ఫోనులో పట్టి చూస్తుంది. ఎవరైనా కాగితం ఇస్తానంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "దీన్ని ఎవరు ఒప్పుకుంటారు?" ఆ ఒప్పుకునేవాళ్ల దగ్గరికే నేరుగా వెళ్లి అడగండి, మధ్యవాళ్లను అడగొద్దు.

ప్రశ్న: అయ్యా, నేను శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి తాపీపని చేస్తున్నాను. పోయినేడాది మీ శీర్షిక చదివి సైట్లో పెట్టిన ఆర్‌పీఎల్ పరీక్ష రాశాను. పాసయ్యాను. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టాను. కానీ కూలి ఒక్క రూపాయి పెరగలేదు. మేస్త్రీ "అది చూపించి అన్నం తింటావా" అన్నాడు. మీరు చెప్పింది నమ్మినందుకు నాకేం వచ్చింది?

జవాబు: మీ ఉత్తరం చదివాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు. రాయమని చెప్పినవాణ్ణి నేనే కాబట్టి జవాబు చెప్పే బాధ్యతా నాదే.

అడ్డా మీద కూలి సర్టిఫికెట్ చూసి కట్టరు. ఆ మాట పోయినేడాది నేను స్పష్టంగా రాసి ఉండాల్సింది. మీ గోడ రసమట్టానికి నిలబడుతుందని మేస్త్రీకి మీ సర్టిఫికెట్‌కు ముందే తెలుసు, అందుకే ఆయనకు ఆ కాగితంతో పని లేదు. ఆ కాగితం పనికొచ్చేది మిమ్మల్ని ఎన్నడూ చూడనివాడి దగ్గర. పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీలు నేరుగా మనుషుల్ని తీసుకునేటప్పుడు, గల్ఫ్‌కు పంపే రిక్రూట్‌మెంటులో, సైట్లో ఫోర్‌మన్ కింద అసిస్టెంటుగా ఎవరినైనా చూసేటప్పుడు. కాబట్టి ఫ్రేములోంచి తీసి నాలుగు కాపీలు చేయించి జేబులో పెట్టుకోండి. అడగాల్సింది మేస్త్రీని కాదు, సైట్ ఇంజినీరును. "నాకు సర్టిఫికెట్ ఉంది, ప్లాను చదవడం, కొలతల పుస్తకం రాయడం నేర్పిస్తే చేస్తాను" అని. తాపీతో పాటు పెన్ను పట్టుకున్న రోజున కూలి లెక్క మారడం నేను చూశాను. అన్నిచోట్లా మారదు.

ఇంకోటి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో కార్డు ఉందా? ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే, 18 నుంచి 60 ఏళ్ల లోపువారికి ఇస్తారు. ఆ కార్డు ఈ నెలలోనే తీసుకోండి, ఊరి అడ్రసుతో కాకుండా ఇక్కడ పనిచేస్తున్న చోటుతో.

మీ పేరు, సైటు పేరు తీసేసి ఉత్తరం యథాతథంగా వేశాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి మాట అనుకోవడం లేదు. ఈ శీర్షిక చదివి ఆర్‌పీఎల్ రాసినవాళ్లందరినీ అడుగుతున్నాను. ఏ పనికి రాశారు, సర్టిఫికెట్ వచ్చి ఎన్నాళ్లైంది, దాన్ని ఎవరికి చూపించారు, జీతం ఎంతకు ఎంతైంది, లేక అక్కడే ఆగిందా, రాయండి. పెరగనివాళ్లు ముందు రాయండి. మూడు నెలల తర్వాత ఆ ఉత్తరాలన్నీ ఒకచోట వేస్తాను, ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు, ఊరి పేరుతో సహా.